దగ్ధ వదనాల శిల్పి – సర్ ఆర్చిబాల్డ్ మెకిండో

మహనీయుల జీవితాలను చదివేటప్పుడు వారు పొందిన బిరుదులను, పదవులను లెక్కపెట్టడం మనకు అలవాటు. వారు ఎవరి కన్నీరు తుడిచారో, అందుకు ఎంత శ్రమించారో విచారించేది తక్కువ. కాలిన గాయం మానిన పిమ్మట మిగిలిపోయే మచ్చను గురించి, ఆ మచ్చతో జీవించవలసిన మనిషిని గురించి సమానంగా ఆలోచించిన ఒక శస్త్రవైద్యుని జీవితాన్ని ఈ సంచికలో మా విద్యార్థుల ముందుంచదలచాము. ఆయన పుట్టినది న్యూజీలాండులో, పనిచేసినది ఇంగ్లండులో. అయినప్పటికీ ఆ కథలో మన హైదరాబాదు పేరు కూడ ఒకచోట వినిపిస్తుంది.

ఆర్చిబాల్డ్ హెక్టర్ మెకిండో 1900 మే 4న న్యూజీలాండు దేశంలోని డునెడిన్ నగరంలో జన్మించారు. తండ్రి ముద్రణ వృత్తిలో ఉండేవారు. తల్లి మేబెల్ హిల్ చిత్రకారిణి. ముఖంలోని ప్రతి రేఖను గుర్తించగల దృష్టి ఆయనకు తల్లి నుండే సంక్రమించి ఉంటుందని మేము తలుస్తాము. ఒటాగో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య ముగించి, 1924లో ఉపకారవేతనంపై అమెరికాలోని సుప్రసిద్ధమైన మేయో క్లినిక్‌కు వెళ్ళారు. అక్కడ శస్త్రచికిత్సలో పేరు తెచ్చుకొని, 1930లో ఇంగ్లండు చేరుకున్నారు. కాని లండను నగరం ఆయనను ఆదరించలేదు. ఉద్యోగం దొరకక తిరుగుతున్న సమయంలో దూరపు బంధువు సర్ హెరాల్డ్ గిలీస్ ఆయనను చేరదీశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఛిద్రమైన సైనికుల ముఖాలను సరిదిద్ది, ప్లాస్టిక్ సర్జరీకి ఆధునిక రూపం కల్పించిన వైద్యుడు ఆ గిలీసే. ఆయన శిక్షణలో మెకిండో ఈ విద్యను అభ్యసించారు. రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమయ్యేనాటికి బ్రిటన్ మొత్తం మీద ఈ విద్యలో నిష్ణాతులు నలుగురే ఉండేవారు. వారిలో మెకిండో ఒకరు.

1939లో ఆయనను లండనుకు దక్షిణాన ఉన్న ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అనే చిన్న పట్టణంలోని క్వీన్ విక్టోరియా ఆసుపత్రికి పంపారు. మరుసటి సంవత్సరం వేసవిలో ఆకాశయుద్ధం మొదలయింది. హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలలో పెట్రోలు తొట్లు వైమానికునికి అతి సమీపంలో ఉండేవి. గుండు తగిలితే కొద్ది క్షణాలలో మంటలు ఆయన ముఖాన్ని, చేతులను చుట్టుముట్టేవి. గొడుగు సాయంతో దూకి ప్రాణాలు దక్కించుకున్న యువకులు కనురెప్పలు, ముక్కు, వ్రేళ్ళు కోల్పోయి ఆసుపత్రికి వచ్చేవారు. వారిలో అనేకుల వయస్సు మన కళాశాల విద్యార్థుల వయస్సే.

హైదరాబాదు ప్రస్తావన వచ్చేది ఇక్కడే. నిజాం ప్రభువు ఇచ్చిన విరాళాలకు గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళంలో కొన్ని స్క్వాడ్రన్లకు హైదరాబాదు పేరు పెట్టారు. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం దస్తారే కనిపిస్తుంది. 253వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్ అని పేరు. ఆ దళానికి నాయకత్వం వహించిన టామ్ గ్లీవ్ 1940 ఆగస్టు 31న తన హరికేన్ విమానంలో మంటల పాలయ్యారు. కట్లలో మునిగి ఉన్న భర్తను చూసి, ఏమి చేసుకున్నారని భార్య అడుగగా, ఒక జర్మనుతో చిన్న తగాదా పడ్డానని ఆయన పరిహాసంగా బదులు చెప్పారట. ఆ తరువాత ఆయనకు కొత్త ముక్కు అమర్చినది మెకిండోయే.

ఆనాడు కాలిన గాయాలకు టానిక్ ఆమ్లం పూయడం వాడుక. అది గాయంపై గట్టి పెచ్చు కట్టించేది. పెచ్చు క్రింద చీము చేరేది. వ్రేళ్ళు బిగుసుకుపోయి మరల వంగేవి కావు. సముద్రంలో పడిన వైమానికుల గాయాలు నేలమీద పడినవారి గాయాలకంటె మెరుగ్గా మానుతున్నాయని మెకిండో గమనించారు. టానిక్ ఆమ్లాన్ని విడిచిపెట్టాలని అధికారులతో గట్టిగా వాదించారు. గోరువెచ్చని ఉప్పునీటి తొట్టెలు ఏర్పాటు చేసి రోగులను అందులో ఉంచారు. ఆ నీటిలో కట్లు నొప్పి లేకుండా ఊడివచ్చేవి. రోగి తన వ్రేళ్ళను, మోచేతులను మెల్లగా కదిలించగలిగేవాడు. గాయం పచ్చిగా ఉన్నప్పుడే కీళ్ళను కదిలించాలన్న నేటి ఫిజియోథెరపీ సూత్రం ఆ తొట్టెలలో ఆచరణలో ఉండినదని చెప్పవచ్చు. ఒక్కొక్కరికి పది, ఇరువది, అంతకుమించి శస్త్రచికిత్సలు జరిగేవి. చర్మం అతికించాలి, అది కుదుటపడాలి, మరల మరొకటి. ఈ విధంగా సంవత్సరాలు గడిచేవి.

కాని వైమానిక దళ నియమం వేరుగా ఉండేది. 90 రోజులలో కోలుకొనని వానిని ఉద్యోగం నుండి తొలగించేవారు. కాలిన మనిషికి 90 రోజులు ఏపాటివి? మెకిండో ఈ నియమంపై పోరాడి దానిని సడలింపజేశారు. సైనిక హోదా స్వీకరించక పౌరునిగానే ఉండిపోవడం వల్ల పై అధికారులను ఎదిరించే స్వేచ్ఛ ఆయనకు దక్కింది. ఆయన కోపిష్టి, పట్టుదల మనిషి. రోగులు మాత్రం ఆయనను ప్రాణసమానంగా చూసుకునేవారు. ఆసుపత్రి నీలిరంగు దుస్తులకు బదులు తమ యూనిఫారం ధరించడానికి ఆయన వారికి అనుమతి ఇప్పించారు. చేతులు స్వాధీనంలోకి రావడానికి ఆసుపత్రిలోనే విమాన పరికరాలు కూర్చే పనికూడ కల్పించారు.

అంతకంటె గొప్ప పని ఆయన ఆసుపత్రి గోడల వెలుపల చేశారు. పట్టణంలోని గృహస్థులను కలుసుకొని, తన యువకులను విందులకు పిలువమని, వారి ముఖాలను చూసి తల త్రిప్పుకోవద్దని, వెరగుపడి చూడవద్దని కోరారు. ఆ పట్టణం ఆయన మాట నిలబెట్టింది. తేరిపార చూడని పట్టణమని దానికి పేరు వచ్చింది. 1941 జూలై 20న రోగులు ఒక సంఘం స్థాపించుకున్నారు. తమపై జరుగుతున్న చికిత్సలన్నీ కొత్తవి కనుక, ప్రయోగశాలలోని జంతువు పేరిట దానికి గినీ పిగ్ క్లబ్ అని పేరు పెట్టారు. డబ్బుతో పరుగెత్తకుండా కాళ్ళు కాలినవానిని కోశాధికారిగా, ఎక్కువ వ్రాయకుండా వ్రేళ్ళు కాలినవానిని కార్యదర్శిగా ఎన్నుకున్నారు. తమ కష్టాన్ని తామే నవ్వులుగా మార్చుకున్న ఆ యువకుల సంఖ్య యుద్ధాంతానికి 649కి చేరింది. వారి పెద్దగా టామ్ గ్లీవ్ 1993లో మరణించేవరకు కొనసాగారు. కోలుకున్న పిమ్మట ఆయన తిరిగి విధులలో చేరి, 1944 నార్మండీ దండయాత్రకు వైమానిక ప్రణాళికా రచనలో పాలుపంచుకున్నారు.

మెకిండోకు 1947లో సర్ బిరుదు లభించింది. 1960 ఏప్రిల్ 11న నిద్రలోనే ఆయన కన్నుమూశారు. 2014లో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో ఆయన విగ్రహం వెలసింది. కూర్చుని ఉన్న గాయపడిన వైమానికుని భుజాలపై చేతులు వేసి మెకిండో నిలబడి ఉంటారు. దానిని మలచిన శిల్పి మార్టిన్ జెన్నింగ్స్ తండ్రికూడ మెకిండో చేత చికిత్స పొందినవారే.

ఆయన మరణించిన అయిదు వారాలకు, 1960 మే 16న, అమెరికాలో మేమన్ మొట్టమొదటి లేజరు కిరణాన్ని వెలిగించారు. 1964లో మన దేశంలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ కార్బన్ డయాక్సైడు లేజరును నిర్మించారు. ఈనాడు కాలిన మచ్చల చికిత్సలో దానిది ప్రముఖ స్థానం. గట్టిపడిన మచ్చలో ఆ కిరణం వెంట్రుకవంటి సన్నని రంధ్రాలు వేస్తుంది. వాటి మధ్య విడిచిపెట్టిన చర్మం నుండి గాయం త్వరగా మానుతుంది. లోపలి పీచుపదార్థం క్రొత్తగా పేర్చబడి మచ్చ మెత్తబడుతుంది, దురద తగ్గుతుంది. ఎర్రదనానికి వేరొక లేజరు ఉంది. అయితే లేజరు చర్మాన్ని మెత్తబరచగలదే గాని మోచేతిని చాపలేదు. ఆ పని వ్యాయామానిది. కాలినవానికి హాయినిచ్చే భంగిమయే మచ్చ ముడుచుకుపోయే భంగిమ. అందుకే మొదటి రోజులనుండే మెడను, కీళ్ళను సరియైన స్థితిలో నిలిపే బద్దలు కావాలి. ప్రతిదినం సాగదీత, మర్దన, నెలల తరబడి బిగుతు దుస్తులు అవసరం. మచ్చ పరిపక్వం కావడానికి ఒకటి రెండు సంవత్సరాలు పడుతుంది. సహనమే ఇందులో సగం మందు.

మన ఇండ్లలో పొయ్యి మంట చీర కొంగుకో, దుపట్టాకో అంటుకోవడం అపూర్వమైన సంగతి కాదు. కాలిన వెంటనే ఇరువది నిమిషాలు ధారగా నీరు పోయక, పళ్ళపొడి, సిరా పూసేవారు నేటికీ ఉన్నారు. ముషీరాబాదులో పూర్వం జైలు ఉండిన స్థలంలోనే ఈనాడు గాంధీ ఆసుపత్రి నిలిచి ఉంది. విశ్వవిద్యాలయానికి, తార్నాకకు వెళ్ళే మన విద్యార్థులు దాని దాపునుండే ప్రయాణిస్తారు. అక్కడ ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. కాని గాయం మానగానే చికిత్స ముగిసిందని భావించి ఇంట దాగిపోయేవారు ఎందరో. మెడమీది మచ్చను దుపట్టాతో కప్పుకొని చివరి బెంచీలో కూర్చునే విద్యార్థినిని, వార్షిక ఛాయాచిత్రం తీసే రోజున సెలవు పెట్టే విద్యార్థిని మేము చూచియున్నాము.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటే. ఫిజియోథెరపీకి, లేజరు చికిత్సకు వెళ్ళే రోజులు 75 శాతం హాజరు నియమానికి బలి కాకుండా చూడవలసినది. వ్రేళ్ళు వంగని విద్యార్థికి పరీక్షలో వ్రాయసగానిని సమకూర్చవలసినది. 90 రోజుల నియమాన్ని మెకిండో సడలింపజేయగలిగినప్పుడు, మన నియమాలలో కరుణకు చోటు కల్పించడం అసాధ్యం కాదు. విద్యార్థులకు మేము చెప్పదలచినది ఇంకా సులభం. మచ్చ ఉన్న సహాధ్యాయిని మచ్చను చూడక ఆమె మాటను వినండి. ఛాయాచిత్రంలో మీ ప్రక్కన నిలబెట్టుకోండి. కిరణం మచ్చను మెత్తబరుస్తుంది, వ్యాయామం కీలును కదిలిస్తుంది. తలయెత్తి నడిచే ధైర్యాన్ని మాత్రం చుట్టూ ఉన్న మనుషుల చూపులే ఇవ్వగలవు. ఒక చిన్న పట్టణం చేయగలిగిన పనిని ఒక కళాశాల చేయలేకపోదు.