దీనబంధు ఆండ్రూసుగారి చరిత్రము

చెఱకు మన ఎలమంచిలి ప్రాంతమువారికి క్రొత్తపంట కాదు. నాటుట, జడచుట్లు వేయుట, నఱకుట, గానుగాడించుట, బెల్లము వండుట యివి యిచ్చటి కాపులకును కూలివారికిని పుట్టువుతో వచ్చిన విద్యలు. ఈ చెఱకు పనికే విశాఖపట్టణము, గోదావరి, కృష్ణా మండలములనుండి వేలకొలది తెలుగువారు సముద్రములు దాటి పోయిరి. నేటాలునకు 1860 మొదలు 1911 వఱకును, ఫిజీద్వీపములకు 1903 మొదలు 1916 వఱకును మదరాసు రేవునుండి యోడలు వీరిని గొనిపోయినవి. వ్రేలిముద్ర వైచిన కాగితములో నేమున్నదో, తాము పోవు దేశమే దిక్కున నున్నదో వారిలో ననేకు లెఱుగరు. ఈ యోడలను నిలువరించుటకు పాటుపడిన మహనీయులలో నగ్రగణ్యుడు చార్లెసు ఫ్రీయరు ఆండ్రూసుగారు. ఆయన ఆంగ్లేయుడు, క్రైస్తవ పురోహితుడు. అయినను సర్వమానవులకును తండ్రి యొక్కడేయని నమ్మిన మన సమాజమువారికి ఆయన పరాయివాడు కాడు.

ఆయన చేసిన పనిని గ్రహింపవలెనన్న, ముందుగా నీ కూలి యొడంబడికయొక్క స్వరూపమును తెలిసికొనవలెను. బ్రిటిషు పార్లమెంటు 1833లో దాస్యమును రద్దుపఱచెను. హిందూదేశమున 1843వ సంవత్సరపు 5వ ఆక్టు, ఒకడు మఱియొకనికి దాసుడను హక్కును న్యాయస్థానములు మన్నింపరాదని విధించెను. విముక్తులైన ఆఫ్రికాదేశీయులు విడిచిన తోటలకు పనివారు కావలసివచ్చిరి. అప్పుడు పుట్టినదే గిర్మిటు. గడువైదేండ్లు, ఫిజీలో పురుషునకు దినమునకొక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు కూలి, నియమించిన పని పూర్తికాకున్న నదియు దక్కదు. ఇంతమాత్రమే యైన, కఠినమైన బేరమని చెప్పి యూరకుండవచ్చును. న్యాయశాస్త్రము చదివినవానికి కనబడు దోషము వేఱు. మన సివిలు కోర్టులలో నొడంబడిక తప్పినవానిపై నష్టపరిహారమునకు వ్యాజ్యెము చెల్లును గాని, పనిమానినందున వానిని చెఱసాలకు బంపరు. గిర్మిటు కూలివాడు పనికి రాకున్నను, తోట విడిచిపోయినను నేరస్థుడు. వానికి జుల్మానా, ఖైదు. పోయిన దినములు మరల గడువునకు చేర్చబడును. యజమానుని మార్చుకొను స్వేచ్ఛ లేదు. శాసనము దాస్యమను పేరును తుడిచివేసి, దాని సంకెలను మాత్రము మేజిస్ట్రేటు చేతికిచ్చినది. (మనదేశములోనే 1859వ సంవత్సరపు 13వ ఆక్టు, ముందుగా సొమ్ము పుచ్చుకొని పనికిరాని కూలివానిని క్రిమినలు కోర్టున నిలుపుటకు వీలిచ్చెను. దానిని రద్దుచేయు శాసనము 1925 వఱకు రాలేదు. పరదేశపు తోటదొరలను నిందించునప్పుడు మన మీ సంగతి మఱవరాదు.)

ఆండ్రూసుగారు 1871 ఫిబ్రవరి 12వ తేదిన ఇంగ్లండునందలి న్యూకాసిలు పట్టణమున జన్మించిరి. బాల్యము బర్మింగుహామున గడచెను. కేంబ్రిడ్జిలో పెంబ్రోకు కళాశాలయందు చదివి పట్టమునొంది, పురోహిత దీక్ష స్వీకరించి, లండనులో బీదలు వసించు వాల్వర్తు పేటలో కొంతకాలము సేవచేసిరి. 1904లో ఢిల్లీకి వచ్చి సెయింటు స్టీఫెన్సు కళాశాలలో నధ్యాపకులైరి. ఆ కళాశాలకు ప్రధానాధ్యాపకుని నియమింపవలసి వచ్చినప్పుడు ఆంగ్లేయుని గాక సుశీలకుమార రుద్రగారినే నియమింపవలెనని పట్టుపట్టిరి. 1912లో లండనులో రవీంద్రనాథ ఠాకూరుగారి దర్శనమైనది. తరువాత దేవేంద్రనాథ మహర్షి స్థాపించిన శాంతినికేతనమే వారికి స్వగృహమైనది.

1914 జనవరిలో గోఖలేగారి కోరికమీద పియర్సనను మిత్రునితో దక్షిణాఫ్రికాకు వెళ్లిరి. డర్బను రేవున దిగగానే, గాంధిగా రెవరని యడిగి, యందఱియెదుట వంగి వారి పాదములంటిరట. తెల్లవాడు నల్లవాని కాళ్లకు మ్రొక్కుటయాయని యచ్చటి యూరపియనులు మండిపడిరి. ఆ దినములలోనే స్వదేశమున ఆయన తల్లి మరణించెను.

గోఖలేగారు 1912లో నీ కూలిపద్ధతిని సంపూర్ణముగా మాన్పవలెనని యింపీరియలు శాసనసభలో తీర్మానము తెచ్చి, ప్రభుత్వపక్షమువారి వోట్లచే నోడిపోయిరి. 1915లో వారు స్వర్గస్థులైరి. ఆ యేడే ఆండ్రూసు, పియర్సనులు ఎవరి యుద్యోగులుగాను గాక స్వతంత్రులై ఫిజీకి బోయి విచారణ చేసిరి. కూలీలైనులలో నొక్కొక్క గది పదియడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. అందు ముగ్గురు పురుషులైనను, లేక భార్యాభర్తలు బిడ్డలతోనైనను కాపురముండవలెను. నూర్గురు పురుషులకు నలుబదిమంది స్త్రీలు చొప్పున ఓడ కెక్కించుట ప్రభుత్వపు నియమము. ఇట్టి లెక్కతో మనుష్యులను గుంపుచేసిన, సంసారధర్మ మెట్లు నిలుచును? హత్యలు, ఆత్మహత్యలు స్వదేశమున కంటె బహుగుణములుగ నుండెను. ఆత్మహత్యలలో దక్షిణదేశీయుల భాగము వారి జనసంఖ్యకు మించియుండెను. చుట్టును హిందుస్తానీ మాటలాడు జనము. తన దుఃఖమును తన భాషలో వినువారు లేరు. ఓవర్సీయరు చేతిలో బడక 1913లో నదిలో దుమికి మానము దక్కించుకొన్న కుంతి యను నామె వృత్తాంతము అంతకుముందే మనదేశపు పత్రికల కెక్కియుండెను. స్త్రీ పునర్వివాహమునకును, భోగమేళముల నిషేధమునకును పాటుపడిన మనకు, ఫిజీ సంగతి యంతటిలో నెక్కువ బాధాకరమైన దిదియే.

విచారణ వృత్తాంతము 1916లో వెలువడెను. ఆ మార్చిలో మదనమోహన మాలవ్యాగారు తెచ్చిన తీర్మానమును వైస్రాయి హార్డింజి ప్రభువు సూత్రముగా నంగీకరించిరి. కాని వేఱేర్పాటు కుదురువఱకు పద్ధతి సాగునని చేర్చిరి. ఆ గడువు మఱియైదేండ్లని తెలియగానే ఆండ్రూసుగారు రోగశరీరముతోనే యూరూర తిరిగి యుపన్యసించిరి. 1917 జనవరిలో సరోజినీ నాయుడుగారు అలహాబాదున ప్రసంగించిరి. ఈమె హైదరాబాదునందలి బ్రాహ్మసమాజీయులగు అఘోరనాథ చట్టోపాధ్యాయులవారి పుత్రిక. ఈమె కులాంతరవివాహమును 1898లో మదరాసున జరిపించినవారు మన వీరేశలింగము పంతులుగారే. స్త్రీల ప్రతినిధివర్గము వైస్రాయి చెమ్సుఫర్డు ప్రభువును దర్శించెను. గాంధిగారు గడువు పెట్టి సత్యాగ్రహమునకు సిద్ధపడిరి.

1917 మార్చి 12వ తేదిన గవర్నమెంటువారు, భారతరక్షణ శాసనము క్రింద, కూలివారు పరదేశములకు పోవుటను యుద్ధకాలమునకు నిషేధించుచున్నామని ప్రకటించిరి. వారు చెప్పిన కారణము దయగాదు. యుద్ధమునకు మనుష్యులు కావలెననుట. ఆ శాసనమే విచారణలేక జనులను నిర్బంధించుట కుపయోగపడినది. మూడుమాసములకే మదరాసు ప్రభుత్వమువారు అనీబిసెంటమ్మను దానితోనే నిర్బంధించిరి. ఇట్టి యాయుధముతో వచ్చిన మేలును మేలనవచ్చునాయని కొంద ఱడుగుదురు. అనవచ్చుననియే నా యభిప్రాయము. అమెరికాలో లింకనుగారు 1863 జనవరి 1వ తేదిన చేసిన ప్రకటనమును యుద్ధావసరమని పేర్కొని చేసినదే. అది తిరుగుబాటు సీమలకే వర్తించెను. సమస్త దాసులను విడిపించుటకు 1865లో రాజ్యాంగ సవరణము కావలసివచ్చెను. యుద్ధకాలపు టాజ్ఞ తలుపును మూయగలదు. అది మరల తెఱవబడకుండ కాయుటకు మనుష్యులు కావలెను.

ఆండ్రూసుగారికి ఈ సంగతి తెలియును. ఆజ్ఞవలన క్రొత్త యోడలు నిలిచినవి గాని, తోటలలో నున్నవారి సంకెల యూడలేదు. అందుచే 1917లోనే ఆయన మరల ఫిజీకి బోయిరి. స్త్రీల దుస్థితినిగూర్చి ఆయన చెప్పినమాటలు ఆస్ట్రేలియా స్త్రీసంఘములను కదల్పగా, వారు తమ తరఫున నొక స్త్రీని విచారణకు బంపిరి. 1920 జనవరి మొదటి దినములలో ఫిజీలో మిగిలిన గిర్మిటులన్నియు రద్దైనవి. 1922లో హిందూదేశ ప్రభుత్వము వలసల శాసనమును క్రొత్తగా నిర్మించెను. పాతపద్ధతి మరల తలయెత్తలేదు.

తరువాతి కాలమున ఆయన తూర్పు ఆఫ్రికా, బ్రిటిషు గయానా మొదలగు చోట్ల మనవారికొఱకు తిరిగిరి. 1940 ఏప్రిలు 5వ తేదిన కలకత్తాలో దేహము చాలించి యచ్చటనే సమాధిచేయబడిరి. మఱుసటి యేడు, 1941లో, ఫిజీలోని తెలుగువారు తమ భాషను సంప్రదాయములను నిలుపుకొనుటకై దక్షిణ ఇండియా ఆంధ్ర సంగమును స్థాపించుకొనిరి.