28 ఏళ్లు నిండని జీవితం, ఒక ఋష్యశృంగుడి బొమ్మ: దామెర్ల రామారావు గారి గురించి

ఋష్యశృంగ మహర్షి వీడియో చేసేటప్పుడు థంబ్‌నెయిల్ కోసం రెండు రోజులు బొమ్మలు వెతికిన. ఎక్కడ చూసినా మెరిసే ముఖాలు, జిమ్‌కు పోయి వచ్చినట్టున్న మునులు. చివరికి ఒక పాత చిత్రం దొరికింది, పేరు ఋష్యశృంగ బంధనం. వేసింది దామెర్ల రామారావు గారు. ఆయన పోయేనాటికి 28 ఏళ్లు కూడా నిండలేదని చదివి, ల్యాప్‌టాప్ మూసి కాసేపు ఊరికే కూర్చున్న. నాకు ఇప్పుడు 28.

రామారావు గారు 1897లో రాజమండ్రిలో పుట్టారు. మా ధర్మపురి రేవులో మనం మునిగే గోదావరే అక్కడిదాకా పోతుంది. చిన్నప్పటి నుంచీ బొమ్మల పిచ్చి. ఆ ఊరి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర తనూ చిత్రకారుడే. ఈ పిల్లవాడి చేతిలో ఉన్నదేంటో ముందుగా కనిపెట్టింది ఆయనే. అజంతా చూపించాడు, 1916లో బొంబాయి జే.జే. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరేలా చేశాడు. పరాయి దేశపోడు మన కుర్రాడికి మన అజంతాను చూపించడం నాకైతే విచిత్రంగానే అనిపించింది.

1920లో చదువు ముగించుకుని దేశం తిరిగారు. బొంబాయిలో మనిషి శరీరాన్ని ఉన్నదున్నట్టు గీయడం నేర్చుకున్నారు, అజంతా గోడల నుంచి గీత ఒంపు తెచ్చుకున్నారు. ఈ రెండూ కలిశాక వచ్చిన మనుషులు తెలుగువాళ్ళలాగే ఉంటారు. చీర కట్టు, కొప్పు, నిలబడే తీరు చూడండి, మన ఇళ్లల్లో చూసినవే.

ఇప్పుడు ఆ ఋష్యశృంగుడి దగ్గరకు వద్దాం. కథ మీకు తెలుసు కదా, అంగదేశంలో వానల్లేవు. తండ్రిని తప్ప ఇంకో మనిషిని ఎరుగని ముని ఊళ్లో అడుగు పెడితేనే వాన పడుతుంది. ఆయన్ని రప్పించడానికి వేశ్యలు అడవికి పోతారు. ఈ ఘట్టాన్ని ఎవరు గీసినా చౌకబారుగా జారిపోయే ప్రమాదం ఉంది. రామారావు గారి బొమ్మలో నాకు మోసం కంటే ఆ ముని అమాయకత్వమే ముందు కనబడింది. జూమ్ చేసి చూడకండి, కొంచెం దూరంగా పెట్టి చూడండి, గీతలన్నీ ఆయన చుట్టూ అల్లుకున్నట్టుంటాయి. ఈ చిత్రానికి కలకత్తాలో వైస్రాయి బహుమతి వచ్చింది. సిద్ధార్థుడి మీద వేసిన సిద్ధార్థ రాగోదయం కూడా దొరికితే చూడండి.

పేరొచ్చాక కూడా ఆయన బొంబాయిలో ఉండిపోలేదు. 1923లో రాజమండ్రిలోనే చిత్రకళా సంఘం పెట్టి పిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. భార్య సత్యవాణి గారు కూడా బొమ్మలు వేసేవారు. 1924లో ఆయన చిత్రాలు లండన్ వెంబ్లీ ప్రదర్శన దాకా పోయాయి.

1925 ఫిబ్రవరి 6న మశూచితో పోయారు. పెట్టిన బడికి అప్పటికి రెండేళ్లే.

ఆ బడిని ఆపనియ్యకుండా మిత్రుడు వరదా వెంకటరత్నం గారు నడిపారు. బొమ్మల్ని ఇంటివాళ్ళూ స్నేహితులూ కాపాడారు కాబట్టే ఈ రోజు రాజమండ్రిలో ఆయన పేరు మీద ప్రభుత్వ ఆర్ట్ గ్యాలరీ ఉంది. పుష్కరాలకో, అన్నవరం పోతూనో అటు దిగితే ఒక గంట ఉంచుకోండి. థంబ్‌నెయిల్‌లో సగం బొమ్మ నా అక్షరాల కిందకి పోయింది, మొత్తం బొమ్మ వీడియో చివర్లో పెట్టిన.