సందేశానికి కొలత కనిపెట్టిన క్లాడ్ షానన్

ప్రత్యేక సంచికలలో మనం సాధారణంగా దేశ నాయకుల, కవుల, సంఘ సంస్కర్తల జీవితాలు చదువుతూ ఉంటాం. ఈసారి ఒక గణిత శాస్త్రజ్ఞుని గురించి రాయాలనిపించింది. క్లాడ్ ఎల్‌వుడ్ షానన్ పేరు ప్రపంచంలో ఇంజినీరింగు చదివిన ప్రతివారికీ తెలుసు. మన తరం ఉద్యోగులలో మాత్రం విన్నవారు తక్కువ. సెల్‌ఫోనులో మనవడి మాట స్పష్టంగా వినబడుతున్నదన్నా, బ్యాంకు నుంచి పింఛను పడినట్లు వచ్చే సమాచారంలో అంకె తారుమారు కావడం లేదన్నా, దాని వెనుక ఈయన ఆలోచన ఉన్నది.

బాల్యము, చదువు

షానన్ 1916 ఏప్రిల్ 30న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పెటోస్కీ అనే ఊరిలో జన్మించారు. పెరిగింది గేలార్డ్ అనే చిన్న పట్టణంలో. తండ్రి వ్యాపారి, కొంతకాలం వీలునామాల వ్యవహారాలు చూసే జడ్జిగా కూడా పనిచేశారు. తల్లి భాషలు బోధించే ఉపాధ్యాయురాలు, ఆ ఊరి హైస్కూలుకు ప్రధానోపాధ్యాయురాలు. కుర్రవాడికి చిన్నప్పటి నుంచి యంత్రాలంటే ప్రాణం. పొలాలకు కట్టిన ముళ్ల కంచె తీగనే తంతిగా వాడుకుని, అర మైలు దూరంలోని స్నేహితుని ఇంటికి టెలిగ్రాఫ్ నడిపాడు. చేతిఖర్చుల కోసం వెస్టర్న్ యూనియన్ కంపెనీ టెలిగ్రాములు ఇళ్లకు అందించే పని కూడా చేశాడు. తంతితో ఆయన పరిచయం అలా మొదలైంది.

1936లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగు, గణితం రెండింటిలోనూ పట్టాలు పుచ్చుకున్నారు. ఆ ఏడాదే మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరి, వానెవర్ బుష్ నిర్మించిన పెద్ద లెక్కల యంత్రం దగ్గర పనికి కుదిరారు. ఆ యంత్రంలోని స్విచ్చీలు, రిలేలు చూస్తూ ఆయన ఒక సంగతి గమనించారు. 19వ శతాబ్దంలో జార్జి బూల్ అనే గణితజ్ఞుడు నిజం, అబద్ధం అనే రెండు విలువలతో ఒక బీజగణితం తయారుచేశాడు. స్విచ్చి వేసి ఉండడం, తీసి ఉండడం కూడా రెండే స్థితులు కదా! ఆ బీజగణితంతో ఏ స్విచ్చీల అమరికనైనా కాగితం మీదనే లెక్కగట్టవచ్చునని 21 ఏళ్ల వయసులో, 1937లో, నిరూపించారు. నేటి కంప్యూటర్లన్నిటికీ పునాది ఆ సిద్ధాంత వ్యాసమే. 1940లో గణితంలో డాక్టరేటు వచ్చింది.

యుద్ధకాలం

1941లో షానన్ బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో చేరారు. రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. విమానాలను గురిచూసి కొట్టే ఫిరంగుల లెక్కలు, రహస్య సంకేతాల పరీక్ష ఆయనకు అప్పగించిన పనులు. 1943లో ఇంగ్లండు నుంచి అలన్ ట్యూరింగ్ వచ్చి రెండు నెలలు అక్కడ ఉన్నారు. ఇద్దరూ రహస్య సంకేతాల మీదనే పనిచేస్తున్నా, ఆ విషయం ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. అందుచేత టీ వేళల్లో, మనిషిలా ఆలోచించే యంత్రం సాధ్యమా అనే విషయం మీద మాట్లాడుకునేవారట.

రహస్య సంకేతాల పని వల్ల ఆయనకు ఒక లాభం కలిగింది. శత్రువుకు అర్థం కాకుండా సందేశాన్ని దాచడం, దారిలో పాడైన సందేశాన్ని తిరిగి చదువుకోవడం రెండూ ఒకే లెక్కకు చెందినవని తెలిసివచ్చింది.

1948 నాటి వ్యాసం

ఆ ఆలోచనలన్నీ 1948 జూలై, అక్టోబరు నెలల్లో బెల్ సంస్థ వారి సాంకేతిక పత్రికలో రెండు భాగాలుగా వెలువడ్డాయి. సమాచారాన్ని కొలవవచ్చునని అందులో చెప్పారు. బియ్యానికి కిలో, బట్టకు మీటరు ఉన్నట్లే సమాచారానికి బిట్ అనే కొలమానం పెట్టారు. ఆ మాట సూచించినది జాన్ టకీ అని షానన్ ఆ వ్యాసంలోనే పేర్కొన్నారు. అవును, కాదు అనే రెండింటిలో సమానంగా సాధ్యమైన ఒకదానిని తెలుసుకుంటే మనకు అందినది ఒక బిట్.

అంతకంటె పెద్ద విషయం మరొకటి ఉన్నది. తీగలోనైనా గాలిలోనైనా సందేశం వెళ్లేటప్పుడు రొద తప్పదు. తప్పులు తగ్గాలంటే శక్తి పెంచాలి, లేదా చెప్పిందే పదేపదే చెప్పాలి అని అప్పటి ఇంజినీర్ల నమ్మకం. పదేపదే చెబుతూ పోతే వేగం పడిపోతుంది. పూర్తి కచ్చితం కావాలంటే వేగం సున్నాకు రావలసిందే అనుకున్నారు. షానన్ ఈ అభిప్రాయాన్ని తలకిందులు చేశారు. ప్రతి మార్గానికీ సెకనుకు ఇన్ని బిట్లని ఒక పరిమితి ఉంటుంది. దానికి లోబడి పంపినంత కాలం, తగిన కోడ్ వాడితే, తప్పులను మనకు కావలసినంత తక్కువకు తీసుకురావచ్చు. పరిమితి దాటితే మాత్రం ఎవరి తరమూ కాదు. ఉదాహరణకు 3000 హెర్ట్జ్ వెడల్పు ఉండి, రొదకంటె సందేశం శక్తి వెయ్యి రెట్లు ఉన్న టెలిఫోను లైనులో సెకనుకు సుమారు 30 వేల బిట్లు పంపవచ్చునని ఆయన సూత్రం చెబుతుంది.

మన బిల్లులలో ఉన్న సూత్రమే

కోడ్ అనగానే బెదిరిపోనక్కరలేదు. గుమాస్తా పని చేసినవారికి ఇది పరాయి విద్య కాదు. పెళ్లి శుభాకాంక్షల టెలిగ్రాం ఇచ్చేటప్పుడు వాక్యమంతా రాయకుండా పట్టికలోని నంబరు రాస్తే చాలేది. అవతలి ఆఫీసులో ఆ నంబరుకు వాక్యం వేసి అందించేవారు. అవసరం లేని భారాన్ని తగ్గించడం షానన్ చెప్పిన మొదటి రకం కోడింగు. ఇంగ్లీషు రాతలో సుమారు సగభాగం ఇలాంటి అదనపు భారమేనని ఆయన అంచనా కట్టారు.

రెండవ రకం దీనికి ఎదురు. తప్పు పట్టుకోవడానికి కావాలనే కొంత భారం చేర్చడం. బిల్లులో రూపాయలు అంకెలలోనూ అక్షరాలలోనూ వేసేవాళ్లం. ట్రెజరీ బిల్లు మీద ఇంత రూపాయలకు లోపల అని ఎర్ర సిరాతో అడ్డంగా రాసేవాళ్లం. ప్రభుత్వ టెలిగ్రాం వెళ్లాక, ధ్రువీకరణగా దాని నకలు టపాలో పంపేవాళ్లం. టెలిగ్రాంలో 13వ తేదీ కాస్తా 18 అయిందంటే ఒకరి చేరిక ఆలస్యమై, సర్వీసులో తెగింపు పడవచ్చు. ఆ భయం ఎరిగినవాళ్లం కనుకనే ఈ జాగ్రత్తలన్నీ.

పేబిల్లు పట్టీ గుర్తు తెచ్చుకోండి. అడ్డం మొత్తాలు, నిలువు మొత్తాలు వేసి రెండూ సరిచూస్తాం. నకలు తీసిన పట్టీలో ఒక గడిలో ఒక అంకె తప్పు పడితే, ఒక అడ్డ వరుస, ఒక నిలువు వరుస కుదరవు. ఆ రెండూ కలిసే గడిలోనే తప్పు ఉన్నట్లు. తేడా ఎంతో కూడా తెలుస్తుంది కనుక, అసలు కాగితం చూడకుండానే తప్పు దిద్దవచ్చు. తప్పు దిద్దే కోడ్‌లు చేసే పని సరిగ్గా ఇదే.

బెల్ ప్రయోగశాలలో షానన్ సహోద్యోగి రిచర్డ్ హామింగ్. సెలవు రోజుల్లో ఆయన లెక్క యంత్రానికి అప్పగించి వెళితే, మధ్యలో తప్పు రాగానే యంత్రం ఆ లెక్క వదిలేసి తరువాతి పనికి పోయేది. తప్పును కనిపెట్టే యంత్రం దానిని దిద్దలేదా అని విసిగి, నాలుగు అసలు అంకెలకు మూడు సరిచూపు అంకెలు చేర్చే పద్ధతి కనిపెట్టారు. మూడు పరీక్షలకు ఎనిమిది రకాల ఫలితాలు. ఏడు అంకెలలో ఏది తప్పో చెప్పడానికి ఏడు, ఏదీ తప్పు కాదని చెప్పడానికి ఒకటి. షానన్ తన 1948 వ్యాసంలోనే దీనిని ఉదహరించారు. హామింగ్ వ్యాసం 1950లో వెలువడింది.

ఈ విద్యలో మన దేశస్థుల పాత్ర కూడా ఉన్నది. కలకత్తా గణాంక సంస్థలో పనిచేసి అమెరికా వెళ్లిన ఆర్.సి. బోస్, ఆయన శిష్యుడు డి.కె. రే చౌధురి 1960లో ప్రకటించిన కోడ్‌లు నేటికీ వారి పేర్లతోనే ప్రసిద్ధం. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావుగారు ప్రయోగాల రూపకల్పన కోసం 1947లో చెప్పిన అమరికలు, ఈ కోడ్‌లు ఒకే గణితానికి రెండు ముఖాలని తరువాత తేలింది. రావుగారు 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

గాలిలో దారి

తీగ ఉన్నచోట ఉంటుంది. గాలిలో దారి అలా కాదు. టవరు నుంచి బయలుదేరిన తరంగం మేడలకు, కొండలకు తగిలి అనేక దారులలో మన ఫోనుకు చేరుతుంది. కొన్ని కలిసి బలపడతాయి, కొన్ని ఒకదానినొకటి చంపుకుంటాయి. బస్సు నాలుగడుగులు కదిలితే పరిస్థితి మారిపోతుంది. దారి ఎలా ఉందో తెలియకుండా ఎంత వేగంగా పంపాలో ఎలా నిర్ణయించడం? దారి స్థితి పంపేవారికి ముందే తెలిస్తే ఎంత లాభమన్న ప్రశ్నకు షానన్ 1958లోనే ఒక వ్యాసంలో లెక్క చెప్పారు.

ఈనాటి ఫోనులు చేస్తున్నది ఆ మార్గంలోని పనే. టవరు ముందుగా తెలిసిన ఒక గుర్తును పంపుతూ ఉంటుంది. అది ఎంత చెడి వచ్చిందో చూసి ఫోను దారిని అంచనా వేసి టవరుకు తిరిగి చెబుతుంది. దారి బాగుంటే అసలు బిట్లు ఎక్కువ, చెడిపోతే సరిచూపు బిట్లు ఎక్కువ. అప్పటికీ అంచనా తప్పితే, అందలేదు మళ్లీ పంపమని అడుగుతుంది.

మంచి కోడ్‌లు ఉన్నాయని షానన్ నిరూపించారే గాని, వాటిని తయారుచేసే పద్ధతి చెప్పలేదు. ఆ వెతుకులాట దాదాపు 45 ఏళ్లు సాగింది. రాబర్ట్ గాలగర్ 1960లో తన డాక్టరేటు వ్యాసంలో చెప్పిన కోడ్‌లు ఆనాటి యంత్రాలకు అలవికాక మూలపడ్డాయి. 1993లో ఫ్రాన్సు నుంచి క్లాడ్ బెరూ బృందం ప్రకటించిన టర్బో కోడ్‌లు షానన్ పరిమితికి అతి చేరువగా వస్తే మొదట చాలామంది నమ్మలేదు. ఆ తరువాతే గాలగర్ కోడ్‌లను మళ్లీ బయటికి తీశారు. 5జి ఫోనులలో మన సమాచారాన్ని కాపాడుతున్నవి ఆ కోడ్‌లే.

మనిషి, చివరి రోజులు

షానన్ 1949లో తోటి ఉద్యోగిని, గణితం చదువుకున్న బెట్టీ మూర్‌ను వివాహమాడారు. ఇది ఆయనకు రెండవ వివాహం. ముగ్గురు పిల్లలు. ప్రయోగశాల వసారాలలో ఒంటిచక్రం సైకిలు తొక్కేవారు. బంతులు ఎగరేసి పట్టడం ఆయనకు సరదా. దారి వెతుక్కుని గుర్తుపెట్టుకునే యాంత్రిక ఎలుకను 1950లో తయారుచేశారు. యంత్రంతో చదరంగం ఆడించడమెలాగో ఆ ఏడాదే రాశారు. తన సిద్ధాంతాన్ని ప్రతి శాస్త్రానికీ అతికించే వెర్రి బయలుదేరినప్పుడు, తొందరపడవద్దని 1956లో తానే హెచ్చరించారు. పేరు వస్తున్న వేళ అలా చెప్పగలిగినవారు అరుదు. 1958 నుంచి మసాచుసెట్స్‌లో ఆచార్యులుగా ఉండి 1978లో విశ్రాంతి తీసుకున్నారు. 1966లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం, 1985లో జపానువారి క్యోటో బహుమతి లభించాయి.

చివరి దశ విచారకరం. అల్జీమర్స్ వ్యాధి వచ్చి జ్ఞాపకశక్తి క్రమంగా పోయింది. ప్రపంచమంతటా ఇంటర్నెట్టు, సెల్‌ఫోను తన సూత్రాలతో విస్తరిస్తున్న కాలంలో ఆయన వృద్ధుల సంరక్షణాలయంలో ఆ సంగతి తెలియకుండానే గడిపారు. 2001 ఫిబ్రవరి 24న మెడ్‌ఫర్డ్‌లో తన 84వ ఏట మరణించారు. చెడిన సందేశాన్ని దిద్దుకోవచ్చునని లోకానికి నేర్పిన మనిషి మనసులో చెరిగిన జ్ఞాపకాలను దిద్దే విద్య ఇంకా ఎవరికీ చేతకాలేదు. మన వయసువారికి ఈ మాట గుండెకు తగులుతుంది. అటువంటి తోటి పింఛనుదారు మన పేటలో ఉంటే అడపాదడపా వెళ్లి పలకరించడం మన సంఘం చేయగల మేలు.

మన దేశంలో టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది. ఆ మరుసటి ఏడాది జీవన ప్రమాణ్ వచ్చింది. బతికే ఉన్నామని మనం వేలిముద్రతోనో, ముఖం చూపించో ఇచ్చే రుజువు ఇప్పుడు గాలిలో ప్రయాణం చేసి పింఛను కార్యాలయం చేరుతున్నది. అది దారిలో చెడిపోకుండా చేరుతున్నదంటే, ముళ్ల కంచె మీద టెలిగ్రాఫ్ నడిపిన ఆ గేలార్డ్ కుర్రవానికి కూడా మనం కొంత రుణపడి ఉన్నాం.