అడగడం నేర్పిన మన కొమురం భీం

ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి మనమంతా జోడేఘాట్ చేరి, తుడుం మోగించి, భీంకు దండం పెట్టుకుంటాం. తుపాకీ పట్టిన భీం బొమ్మ మన పిల్లలందరికీ తెలుసు. తుపాకీ పట్టకముందు ఆయన ఎంతకాలం నోటితో, కాగితంతో హక్కు అడిగాడో కూడా వాళ్లకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

భీం 1901లో ఆసిఫాబాద్ దగ్గర సంకేపల్లిలో గోండు కుటుంబంలో పుట్టాడు. తండ్రి పేరు చిన్ను. అప్పట్లో నిజాం సర్కారు పశువులు మేపితే బంబ్రాం, వంటచెరకు తెచ్చుకుంటే దూపపెట్టి అని పన్నులు గుంజేది. తాతల నాటి నుంచి దున్నిన పోడుకు పట్టా ఉండేది కాదు. తండ్రి పోయాక కుటుంబం సుర్దాపూర్ చేరింది. అక్కడ చేతికొచ్చిన పంట తనదంటూ సిద్దిఖీ అనే అతను వచ్చాడు. ఆ గొడవలో భీం కొట్టిన దెబ్బకు అతను చనిపోయాడు. భీం ఊరు విడిచి వెళ్లక తప్పలేదు.

ఆ పరదేశమే ఆయనకు బడి అయింది. చాందాలో విఠోబా అచ్చుయంత్రం దగ్గర పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడు. తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కూలీగా బతికాడు. తిరిగొచ్చాక, కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ భూమి కేసును తానే దగ్గరుండి నడిపాడు.

బాబేఝరి, జోడేఘాట్ చుట్టూ 12 ఊళ్ల వాళ్లు అడవి నరికి సాగుచేసుకుంటే, అధికారులు గుడిసెలు తగలబెట్టారు. భీం అర్జీలు పెట్టాడు. నిజాంకు మొర చెప్పుకోవడానికి హైదరాబాద్ దాకా పోయాడు. దర్శనం దొరకలేదు. పట్టాలిస్తామని అధికారులు రాజీకి వచ్చినప్పుడు, మా ఊళ్లను మేమే ఏలుకుంటామని ముఖం మీదే చెప్పాడు. 1940లో పౌర్ణమి వేళ జోడేఘాట్ గుట్టల్లో పోలీసుల తూటాలకు సహచరులతో పాటు నేలకొరిగాడు.

ఆ చావు తర్వాతే సర్కారు మనవైపు చూసింది. మన గోస తెలుసుకోవడానికి హైమెండార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండి భాషలో చదువు మొదలైంది. తర్వాత ఎందరికో పట్టాలూ అందాయి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! బడి లేని రోజుల్లో భీం అక్షరం వెతుక్కుంటూ పోయాడు. మనకు బడి ఉంది, 1/70 చట్టం ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. మీ ఇంటి పట్టాలో ఏముందో చదవండి. చదువురాని పెద్దలకు అర్జీ రాసిపెట్టండి. గ్రామసభలో లేచి మాట్లాడండి. భీంకు మనం పెట్టే దండం అదే.