ఎఫ్రాయిము షే

గుఱ్ఱములు లాగెడు రైలుబండినుండి క్రొత్త ఆవిరియంత్రమును కల్పించిన యొక కలపవర్తకుని జీవితమును మేము ఈ సంచికలో విద్యార్థులకు తెలుపుచున్నాము.

ఎఫ్రాయిము షే 1839వ సంవత్సరము జూలై 17వ తేదీన అమెరికాలోని ఒహైయో రాష్ట్రమున జన్మించెను. అక్కడి అంతర్యుద్ధములో సైనికుడుగా పనిచేసి, పిమ్మట మిచిగాను రాష్ట్రమునకు పోయి కలపవ్యాపారమున ప్రవేశించెను.

ఆ ప్రాంతమున చలికాలము మిక్కిలి తీవ్రముగా నుండును. నఱకిన దుంగలను మంచుమీద జాఱెడు చక్రములు లేని బండ్లపై వేసి, గుఱ్ఱములచే లాగించెడివారు. మంచు చాలని యేడు దుంగలు అడవిలోనే నిలిచిపోయెడివి. ఈ చిక్కు తీర్చుటకై షే 1875వ సంవత్సరమున 26 అంగుళముల యెడముతో కొయ్యపట్టాల దారి వేయించెను. పట్టాలపై చక్రములు సులువుగా దొరలును గనుక, నేలమీద కదలింపలేని బరువును గుఱ్ఱములు లాగగలిగెను. ఏడాది పొడవునను పని సాగెను. కాని పల్లమునకు దిగునపుడు ఆ సులువే అపాయకరము. అదుపు తప్పిన బరువుబండి ముందున్న గుఱ్ఱములమీదికే వచ్చి పడును. మామూలు రైలుయంత్రమును తెత్తమన్న, దాని బరువునకును కుదుపునకును కొయ్యపట్టాలు నిలువవు.

రెండేండ్ల తరువాత షే ఒక చదునైన బండిమీద బాయిలరును, యంత్రమును అమర్చి తానే పరీక్షింప మొదలిడెను. 1880లో లైమా పట్టణపు కర్మాగారమువారు ఆయన పద్ధతిని అనుసరించి యంత్రమును నిర్మించిరి. 1881లో ఆయనకు పేటెంటు లభించెను. ఈ యంత్రమున శక్తి పండ్లచక్రముల ద్వారా బండి చక్రములకు అందును. అందువలన వేగము తక్కువయైనను బలము హెచ్చు. వంకరదారులను, ఎత్తులను అది ఓర్చుకొనును. 1945 వఱకు ఇట్టి యంత్రములు సుమారు 2,770 తయారయ్యెను.

తరువాత ఆయన హార్బరు స్ప్రింగ్సు అను ఊర స్థిరపడి, ఊరివారికి నీటి సరఫరా ఏర్పాటు చేసెను. మంచుబండ్ల చిక్కు తీర్చిన ఆ చేతులే ఊరిపిల్లలకు ఆటలాడుకొనుటకు మంచుబండ్లను చేసి, ఉచితముగా పంచెను. 1916వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీన ఆయన అచ్చటనే మరణించెను.

అడవిపనిలో గుఱ్ఱముల కష్టము తగ్గినది. కాని దుంగలు సులువుగా కదలుటచే అడవులును శీఘ్రముగా తఱిగెను. మిచిగానులోని గొప్ప పైనువనములలో అధికభాగము ఆయన జీవితకాలముననే అంతరించెను. విద్యార్థులారా, కష్టము చూచి ఉపాయము వెదకుడు. ఆ ఉపాయము ఎంత దూరము పోవునో కూడ ముందుగా యోచింపుడని మేము కోరుచున్నాము.