వనగురువు సీటన్

ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్ 1860లో ఇంగ్లండున జన్మించెను. ఆరేండ్ల ప్రాయమున తల్లిదండ్రులతో కెనడా చేరి, అచటి పక్షులను, మృగములను చూచుచు, వాని బొమ్మలు గీయుచు పెరిగెను.

అయినను అతడు వేటయు నెఱిగినవాడే. 1893లో అమెరికాయందలి న్యూ మెక్సికోకు, పసులను చంపుచున్న లోబో యను తోడేలును పట్టుటకై పోయెను. ఎన్ని ఉచ్చులు పన్నినను అది చిక్కలేదు. తుదకు దాని జోడైన ఆడతోడేలును చంపి, ఆ వాసననే యెరగా నుంచెను. తోడును వెదకుచు వచ్చి లోబో ఉచ్చులలో పడెను. ఆహారము ముట్టక ప్రాణము విడిచెను. ఆ చావు సీటన్ మనస్సును కలచివేసెను. 1898లో వెలువడిన అతని గ్రంథమున ఆ కథకు నాయకుడు వేటగాడు కాడు, తోడేలే.

తరువాత కనెక్టికట్ రాష్ట్రమున అతడు తన భూమికి కంచె వేయగా, అంతవరకు అచట ఆడుకొనుచుండిన గ్రామ బాలురు కోపించి, కంచె విఱిచి, వాకిటి తలుపుపై వెక్కిరింపు బొమ్మలు పూసిరి. మఱియొకడైన పోలీసులను పిలిచియుండును. సీటనో, 1902లో వారి పాఠశాలకే పోయి అందఱిని తన అడవిలో విడిదికి పిలిచెను! రాత్రి నెగడు చుట్టు కూర్చుండబెట్టి మృగముల కథలు చెప్పెను. క్రమముగా అది బాలుర సంఘమయ్యెను. అడుగుజాడలు చదువుట, చెట్లను, పక్షులను గుర్తించుట వారి విద్య. తోటివానిని ఓడించినవానికి గాక, ఏర్పఱచిన పనిని సాధించిన ప్రతివానికిని, అమెరికా ఆదివాసుల ఆచారము ననుసరించి, గౌరవముగా ఈక నొసగెడివాడు. ఉపాధ్యాయులును తల్లిదండ్రులును గమనింపదగిన పద్ధతి యిది.

1910లో అమెరికా బాలభటోద్యమ స్థాపకులలో నొకడై, 1915లో దానిని వీడెను. 1946లో న్యూ మెక్సికోలోనే మరణించెను. సంతకముతో పాటు తోడేలు అడుగుజాడను గీయుట అతని యలవాటు.