సుంకులమ్మ కొడుకు: వలస, దేశం, ఆడవాళ్ల కష్టం వైపు నుంచి సంజీవయ్య జీవితం

దామోదరం సంజీవయ్య పేరు వినగానే మనకు గుర్తొచ్చేది దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి. జయంతికి, వర్ధంతికి అదే మాట చెప్పి దండ వేస్తాం. ఆయన జీవితం ఒక వలసతో మొదలైందని, ఆ వలస భారం మోసింది ఒక తల్లి అని చెప్పుకోవడం తక్కువ. మేము ఆ వైపు నుంచి ఈ కథ చెప్పదలిచాం.

1921 ఫిబ్రవరి 14న కర్నూలు పక్కనున్న పెద్దపాడులో మునెయ్య, సుంకులమ్మ దంపతులకు ఐదో బిడ్డగా సంజీవయ్య పుట్టాడు. మాల కుటుంబం. సెంటు భూమి లేదు. బట్టలు నేసి, కూలి చేసి బతికేవాళ్లు. బిడ్డకు మూడు రోజులు నిండేసరికి మునెయ్య చనిపోయాడు. పురిటి మంచం మీదే సుంకులమ్మ విధవ అయింది. పిల్లలతో కోడుమూరు దగ్గరి పాలకుర్తికి, తన అన్నదమ్ముల ఇంటికి చేరింది. సంజీవయ్య అక్కడే పశువుల వెంట తిరిగాడు. కొన్నేళ్లకు కుటుంబం మళ్లీ పెద్దపాడు వచ్చింది. అన్న చిన్నయ్య కూలి చేస్తూ, తమ్ముడు మాత్రం కూలివాడు కాకూడదని బడికి పంపాడు.

ఈ ప్రయాణాన్ని వలస అని ఏ రికార్డులోనూ రాయరు. భర్త పోయిన ఆడమనిషి పుట్టింటికి పోతే అది కుటుంబ వ్యవహారం. మగవాడు పని కోసం ఊరు దాటితేనే అది వలస. ఎవరి నడక లెక్కకొస్తుంది, ఎవరిది రాదు అన్న ఈ తేడాను సరిహద్దులు దాటి చూసే స్త్రీవాదులు ప్రపంచమంతటా ఎత్తి చూపుతున్నారు. మన సీమలో అది సుంకులమ్మ నడకలోనే ఉంది.

కర్నూలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ బడి, తర్వాత మున్సిపల్ హైస్కూలు, అనంతపురంలో దత్తమండల కళాశాల, మద్రాసులో లా కాలేజీ. మధ్యలో రేషనింగ్ ఆఫీసులో గుమాస్తాగిరీ. చదువు కోసం, జీతం కోసం సంజీవయ్య ఊరు తర్వాత ఊరు మారాడు. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1952 ఎన్నికల తర్వాత మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గంలో చేరాడు. 1954లో ఉపాధ్యాయురాలైన కృష్ణవేణిని పెళ్లి చేసుకున్నాడు. 1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు.

రెండేళ్ల పాలనలో వృద్ధులకు పింఛను మొదలైంది. పేదలకు సుమారు ఆరు లక్షల ఎకరాల బంజరు పంచారు. ఈ పనుల విలువ తక్కువది కాదు. భూమిలేని ఇంట్లో పుట్టినవాడికే ఆ కడుపుమంట తెలుస్తుంది. అయినా ఒక ప్రశ్న వేయక తప్పదు. ఆ రోజుల్లో పట్టా అంటే ఇంటి పెద్ద పేరు, ఇంటి పెద్ద అంటే మగవాడు. భార్యాభర్తల ఉమ్మడి పట్టా గురించి ప్రణాళికల్లో మాట వచ్చింది 1980-85 నాటి ఆరో పంచవర్ష ప్రణాళికలో. భర్త బతికున్న సుంకులమ్మలకు ఆ పంపకంలో తమ పేరంటూ లేదు.

1962లో కోడుమూరు నుంచి శాసనసభకు గెలిచాడు. తల్లి ఆశ్రయం వెతుక్కున్న ప్రాంతమే కొడుకుకు ఓటు వేసింది. అదే ఏడాది కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడై, ఆ పదవిలో కూర్చున్న మొదటి దళితుడయ్యాడు. 1964 జూన్ నుంచి 1966 జనవరి వరకు కేంద్ర కార్మిక మంత్రి. 1965 బోనస్ చట్టం ఆయన కాలంలోనే వచ్చింది. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లోని కార్మికులకు అది హక్కు ఇచ్చింది. చేలో పత్తి తీసే ఆడకూలీ, ఇంటి పనిమనిషి దాని గీత బయటే మిగిలారు.

ఆయన మంత్రిగా ఉన్నప్పుడే, 1964 అక్టోబరులో, భారత్, సిలోన్ ప్రధానులు ఒప్పందం చేసుకున్నారు. తేయాకు తోటల భారత సంతతి జనంలో 5,25,000 మంది ఇటు, 3,00,000 మంది అటు అని పంచుకున్నారు. ఆ తోటల్లో ఆకు కోసే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి, వాళ్లలో దళితులు చాలామంది. వాళ్లు ఎక్కడ బతకాలనుకుంటున్నారో ఎవరూ అడగలేదు. ఆ ఒప్పందం సంజీవయ్య చేసింది కాదు. కానీ దేశం అనే మాట కూలి ఆడదాన్ని ఎలా చూస్తుందో అది చెబుతుంది: పని కావాలి, మాట అక్కర్లేదు.

1972 మేలో, యాభై ఒక్క ఏళ్లకే ఆయన కన్నుమూశాడు. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఆయన పేరుతో పార్కు ఉంది.

ఈనాడు కోడుమూరు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. కర్నూలు పడమటి ఊళ్లనుంచి పంట కాలంలో కుటుంబాలు ఇళ్లకు తాళాలేసి సుగ్గికి పోతున్నాయి, గుంటూరు వైపు మిరప, పత్తి కోతలకు. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం రాష్ట్రం దాటితేనే వర్తించింది. జిల్లా దాటిన తల్లికి అది అక్కరకు రాలేదు. కడప జిల్లానుంచి ఆడవాళ్లు కువైట్‌లో ఇంటి పనికి పోతున్నారు. ముప్ఫై ఏళ్లు నిండని ఆడవాళ్లను అలా పంపకూడదని ప్రభుత్వ నిబంధన. అది రక్షణ అంటారు. దారి మూసేసరికి అవసరం ఉన్నవాళ్లు ఏజెంట్ల దొడ్డిదారిన పోతున్నారు, అక్కడ కష్టం వస్తే చెప్పుకునే కాగితం చేతిలో ఉండదు. ఇంటి పనివారి హక్కుల కోసం 2011లో వచ్చిన అంతర్జాతీయ ఒడంబడికను మన దేశం ఇంకా ఆమోదించలేదు.

సంజీవయ్యను తలుచుకోవడమంటే ముందు ఈ పనులు అడగడం: పట్టాలో ఆమె పేరు, జిల్లా దాటినా వెంట వచ్చే రేషను, పిల్లల బడి, కువైట్ పోయే మనిషికి చట్టబద్ధమైన దారి, ఆ ఒడంబడికపై సంతకం. దళిత ముఖ్యమంత్రి ఒకడు రావడానికి ఒక తల్లి, ఒక అన్న తమ బతుకులు ధారపోశారు. ప్రతి ఇల్లూ అంత ధర చెల్లించాల్సిన పని లేని రాజ్యం కోసమే మన పోరాటం.